జీడితోటలో పద్దెనిమిది గుంతలు

మా కంపెనీ నోటీసు బోర్డు మీద ఆ కాగితం వారం రోజులు వేలాడింది. సబ్బవరం వెళ్లే దారిలో కొండవాలున కొత్తగా గోల్ఫ్ మైదానం వేశారనీ, కంపెనీ తరఫున ఐదుగురికి సభ్యత్వం ఇస్తారనీ, ఇష్టమున్నవాళ్లు పేర్లు రాయమనీ అందులో ఉంది. నలుగురు మగవాళ్లు రాశారు. ఐదో గీత ఖాళీగానే ఉండిపోయింది. రోజూ ల్యాబ్‌కి వెళ్తూ దాన్ని చూసేదాన్ని. శనివారం మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర జనం పలచబడ్డాక, కోటు జేబులోంచి పెన్ను తీసి నా పేరు రాసేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. పరవాడలో ఒక మందుల కంపెనీలో కెమిస్టుని. మావారు చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయన ఉద్యోగం వల్లే గుంటూరు వైపు నుంచి అనకాపల్లి వచ్చిపడ్డాం. పొద్దున్న ఏడింటికి కంపెనీ బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగడం, మధ్యలో తలుపులు బిగించిన గదిలో గాజు గొట్టాలతో కాలక్షేపం. ఎండ ముఖం చూసేది ఆదివారాలే.

"గోల్ఫా? అది రిటైరైనవాళ్లు ఆడే ఆట కదా" అన్నారు మావారు.

"నేను హాకీ ఆడేదాన్నని మీకు గుర్తుందా?" అన్నాను.

ఆయనకి గుర్తులేదు. తప్పు ఆయనది కాదు. డిగ్రీ చదివిన మూడేళ్లూ కాలేజీ జట్టులో ఆడాను గానీ, పెళ్లయ్యాక ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

మైదానం అన్నమాటే గానీ, అందులో చదునైన చోటు వెతికినా దొరికేది కాదు. కొండ మొదలు నుంచి గెడ్డ ఒడ్డు దాకా దిగిన పాత జీడితోట అది. వాగుని అక్కడివాళ్లు గెడ్డ అంటారు. ఒకవైపు సరుగుడు, ఇంకోవైపు జామాయిలు, గట్ల మీద తాడిచెట్లు. ఆ చెట్లని వీలైనన్ని ఉంచేసి, మధ్యలో ఎర్రనేల సరిచేసి, గడ్డి పరిచి, పద్దెనిమిది బాటలు తీశారు. ఒక్కో బాట చివర నున్నగా కత్తిరించిన పచ్చిక, దాని మధ్యలో అరచేతి వెడల్పు గుంత, గుంతలో జెండా. బాట మొదట్లో నిలబడి బంతిని కొట్టుకుంటూ పోయి, ఎంత తక్కువ దెబ్బల్లో గుంతలో వేస్తే అంత గొప్ప. ఆట మొత్తం ఇంతే. కానీ బాటలు సన్నం. బంతి నాలుగడుగులు పక్కకి పోతే చెట్లలోనే. విశాఖపట్నం నుంచి వచ్చి ఆడేవాళ్లు మూడో గుంత దగ్గరికల్లా చెమటలు తుడుచుకునేవారు. పెద్ద పోటీలు పెట్టాలనే అంత కష్టంగా గీయించారని చెప్పుకునేవారు.

శిక్షణ ఇచ్చేది సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. మొదటి రోజే నన్ను చూసి తల అడ్డంగా ఊపారు.

"మేడమ్, ఇది హాకీ కాదు. కర్ర భుజం దాటి వెనక్కి వెళ్లాలి. నిండుగా తిరగాలి."

హాకీలో మాకు కర్ర పైకెత్తొద్దనే నేర్పారు. పన్నెండేళ్లు ముట్టుకోకపోయినా చేతులు ఆ పాఠం మర్చిపోలేదు. నడుము దాకా వెళ్లిన కర్ర అక్కడ ఆగిపోయేది. మిగతా నలుగురి బంతులూ ఆకాశంలోకి లేచి ఎక్కడో పడేవి. నాది నేలకి జానెడెత్తున పాములా పోయేది. మా కంపెనీవాళ్లు నవ్వేవారు, చెడ్డగా కాదు గానీ, నవ్వేవారు.

రెండో నెలలో అనుకుంటాను, నాలుగో గుంతకి వెళ్తుండగా నా బంతి జీడిచెట్ల కిందకి దూరింది. కొమ్మలు నడుము ఎత్తులో అల్లుకుని ఉన్నాయి. దూరంగా జెండా కనిపిస్తోంది. ఆ వైపే గట్టిగా కొట్టాను. బంతి కొమ్మకి తగిలి నా కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది.

"ఎటు కొడతన్నావమ్మా?"

వెనక్కి తిరిగాను. పచ్చిక మీద కలుపు తీసే ఆడవాళ్లలో ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. తల మీద తువ్వాలు, చేతిలో చిన్న కొడవలి, కాళ్లకి చెప్పులు లేవు.

"జెండా వైపు" అన్నాను.

"జెండా కనబడతన్నాది గానీ దారి నేదు. వచ్చిన దారినే బయటికి తొయ్యి."

వెనక్కి కొట్టడమంటే ఒక దెబ్బ వృథా. కానీ రెండు అప్పటికే వృథా అయ్యాయి. హాకీలో బంతిని పక్కవాళ్లకి అందించినట్టు పొట్టిగా, నేలబారుగా తోశాను. కొమ్మల కింద నుంచి దూసుకుపోయి బాట మధ్యలో ఆగింది.

"అదిగో, అలగ. నీకీ దెబ్బ వచ్చును గదా. ఆ పెద్దదెందుకు?" అని ఆవిడ మళ్లీ కలుపులోకి వంగింది.

ఆ మాట నాకు నెల రోజుల శిక్షణ కంటే ఎక్కువ పనిచేసింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆవిడ ఎక్కడ పనిచేస్తోందో చూసుకుని అటే ఆడేదాన్ని. మా వైపు అక్క అంటాం. అక్కడివాళ్లు అప్ప అంటారు. నేనూ అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి ఆవిడ "అమ్మా" అనడం మానేసి "సెల్లీ" అంది.

మైదానం రాకముందు ఆ తోటలో ఆవిడ కుటుంబమే జీడిగింజలు ఏరేది. తోట ఎవరిదో పెద్ద రైతుది. ఆయన అమ్మేశాక వీళ్లకి మిగిలింది గడ్డి పని. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతులో ఏమీ లేదు, వాన పడింది అన్నట్టు చెప్పింది. నేను కర్ర తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఆ నేల ఆవిడకి తెలిసినంతగా మ్యాపు గీసినవాళ్లకి కూడా తెలియదు. పచ్చిక మీద బంతిని ఎటు తొయ్యాలో అని నేను వంగి చూస్తుంటే, "వాననీళ్లు ఎటు పోతాయో బంతీ అటే పోద్ది" అనేది. మూడో గుంత దగ్గర పచ్చిక కంటికి కొండవైపు వాలినట్టుంటుంది. నీళ్లు మాత్రం గెడ్డవైపే పోతాయి. అందరూ అక్కడ మోసపోయేవాళ్లు. సరుగుడు ఆకు రాలిన చోట బంతి జారుతుందనీ, జీడాకుల మీద ఆగితే కర్ర నేలకి ఆనించకూడదనీ, ఆనిస్తే ఆకు కదిలి బంతీ కదులుతుందనీ, దానికి ఒక దెబ్బ శిక్ష పడుతుందనీ నేర్చుకున్నాను. శిక్ష సంగతి పుస్తకంలోది, మిగతావన్నీ ఆవిడ చెప్పినవి. తొమ్మిదో గుంత ఎత్తు మీద ఉండేది. అక్కడ నిలబడితే పరవాడ పొగగొట్టాలు కనిపిస్తాయి. పొగ ఎటు వంగిందో చూసి గాలి ఎటుందో చెప్పేది. వారమంతా నేను ఆ గొట్టాల కిందే పనిచేసేదాన్ని గానీ, ఆ పొగ ఒకరోజు నాకు పనికొస్తుందని అనుకోలేదు.

పన్నెండోది పొట్టి బాట. కానీ మధ్యలో గెడ్డ. నా బంతులు ఎన్ని అందులో మునిగాయో.

"గెడ్డ మీద కళ్లెట్టకు. అవతల గట్టు మీద తాడిసెట్టు సూడు. దాని మొదట్లో కొట్టు" అంది ఒకరోజు.

కొట్టాను. మొదటిసారి దాటింది. ఆవిడ మాత్రం అందులో విశేషమేమీ లేనట్టు ముందుకి నడిచింది.

నాలుగో ఏడు క్లబ్బు వాళ్లు మొదటిసారి పెద్ద పోటీ పెట్టారు. మగవాళ్లకి రెండు రోజులు, ఆడవాళ్లకి ఒక రోజు. ఆడవాళ్లం ఏడుగురం పేర్లిచ్చాం. నేను తప్ప అందరూ విశాఖపట్నం వాళ్లు. పోటీలో కర్రల సంచి మోసుకుంటూ సలహా చెప్పే మనిషిని ఒకరిని తెచ్చుకోవచ్చు. క్యాడీ అంటారు. నేను అప్ప పేరు రాసిచ్చాను. క్లబ్బు కార్యదర్శి గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"కలుపు కూలీలు క్యాడీలు కారమ్మా."

"కాకూడదని ఎక్కడైనా ఉందా సార్?"

ఆయన నిజంగానే నిబంధనల పుస్తకం తీసి తిరగేశారు. పేజీలు అటూ ఇటూ చూసి మూసేశారు. "లేదు. కానీ బూట్లుండాలి. పోటీ రోజున నా మైదానంలో ఎవరూ వట్టికాళ్లతో నడవడానికి వీల్లేదు."

అనకాపల్లి మెయిన్ రోడ్డులో తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. ఆవిడ పాదాలు వెడల్పు. మగవాళ్ల సైజు పట్టింది. తొడుక్కుని నాలుగడుగులు వేసి, "నేల తెలత్తం నేదు సెల్లీ" అంది. "ఒక్క పూట అప్పా" అన్నాను.

పోటీ రోజు నాతో పాటు బాటలు తిరుగుతూ ఆడే ప్రత్యర్థి ఒక డాక్టరమ్మ. నాకంటే పదేళ్లు పెద్ద. చాలా ఊళ్లలో గెలిచిన మనిషి. నెమ్మదైన ఆట, తొందర లేని మాట. మొదటి ఐదు గుంతల్లో ఆవిడ నన్ను మూడు దెబ్బలు దాటిపోయింది. నేను బాటల మీద బాగానే ఆడాను. పచ్చిక మీదకొచ్చాక అంతా తప్పేది. అప్ప చూపించిన గీత మీద తోస్తే బంతి గుంతకి జానెడు పక్క నుంచి పోయేది. ఇన్నేళ్లలో ఆవిడ లెక్క అలా తప్పడం నేను చూడలేదు.

ఆరో గుంత దగ్గర అప్ప, బంతులకి అడ్డంగా తవ్విన ఇసుక గొయ్యి అంచున కూర్చుని, నింపాదిగా తాళ్లు విప్పి, బూట్లు రెండూ కలిపి ముడేసి, సంచికి తగిలించింది. లేచి పచ్చిక మీద నాలుగు వైపులా నడిచింది. పాదాలు నెమ్మదిగా ఆనిస్తూ, ఒకచోట ఆగి బొటనవేలితో అదుముతూ. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ ఇన్నాళ్లూ పచ్చికను చదివింది కళ్లతో కాదని.

"ఇటు కొంచం" అని వేలుతో చూపించింది.

నేను భయపడి డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట ఫిర్యాదు చేస్తే అప్పని బయటికి పంపేస్తారు.

"నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ కాళ్లు ఆవిడిష్టం" అంది డాక్టరమ్మ.

బంతి గుంతలో పడింది. అక్కడి నుంచి ఒక్కో దెబ్బే వెనక్కి తెచ్చుకుంటూ వచ్చాను. తొమ్మిదో దాంట్లో పొగ చూసుకుని కొట్టాం. పన్నెండో దాంట్లో డాక్టరమ్మ బంతి గెడ్డలో పడింది, నాది తాడిచెట్టు మొదట్లో. పదిహేను గుంతలయ్యేసరికి నేను ఆవిడకంటే ఒక దెబ్బ ముందున్నాను, మిగతా ఐదుగురూ బాగా వెనకబడ్డారు. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు లెక్క కాగితం రెండుసార్లు చూసుకున్నాను. కాలేజీ రోజుల తర్వాత గెలుపు అంత దగ్గరికి రావడం అదే.

పదహారోది అన్నిటికంటే పొడుగు. బాట ఎడమవైపు తిరుగుతుంది. సరిగ్గా తిరిగేచోట, మధ్యలో, ఒక పెద్ద జీడిచెట్టు. కొమ్మలు గొడుగులా వంగి నేల తాకుతుంటాయి. అక్కడ ఆడే పద్ధతి ఒక్కటే. మొదటి దెబ్బ చెట్టుకి ఇవతలే ఆపాలి. రెండోది కుడిపక్క బోడిరాయి వైపు. అక్కడి నుంచి జెండా సూటిగా కనిపిస్తుంది. నేను ఎప్పుడూ అలాగే ఆడేదాన్ని. ఆ రోజు ఏ మూల నుంచి వచ్చిందో బలం, మొదటి దెబ్బ కావలసినదానికంటే బాగా తగిలింది. బంతి దొర్లుకుంటూ పోయి చెట్టుకి దగ్గరగా ఆగింది.

దగ్గరికి వెళ్లి చూశాను. రెండు కొమ్మల మధ్య కిటికీ అంత సందు. ఆ సందులోంచి జెండా. అందులోంచి పోతే ఒక దెబ్బ కలిసొస్తుంది. పోటీ అక్కడితో నాదే.

"పక్కకి తొయ్యి సెల్లీ. ఒక దెబ్బ పోతే పోనీ" అంది అప్ప.

"సందుంది అప్పా."

"పక్కకి తొయ్యి."

నేను వినలేదు. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. భుజం దాటి కర్ర ఎత్తి, శిక్షణలో ఎప్పుడూ రానంత నిండుగా తిప్పి కొట్టాను. బంతి కొమ్మకి తగిలిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. అది చెట్టు మొదట్లోకి, ఆకుల మధ్యకి పడిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక దెబ్బ, అది కదిలింది రెండడుగులే. ఇంకో దెబ్బకి గానీ బయటపడలేదు. గుంతలో వేసేసరికి ఎనిమిది. డాక్టరమ్మ ఐదు. ఒక దెబ్బ ముందున్నదాన్ని రెండు దెబ్బలు వెనకబడ్డాను.

పదిహేడులో ఒకటి తిరిగి సంపాదించాను. పద్దెనిమిదిలో ఇద్దరం సమానం. ఒక్క దెబ్బతో ఓడిపోయాను. డాక్టరమ్మ చేయి కలిపి, తర్వాత అప్ప దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టింది. అప్ప సంచి పట్టుకునే తల ఊపింది.

చెట్టు నీడన కూర్చున్నాక, "నీ మాట వినాల్సింది అప్పా" అన్నాను.

అప్ప సంచికి తగిలించిన బూట్ల ముడి విప్పి పక్కన పెట్టింది. తర్వాత, "ఆ సందు నాకూ కనబడింది. అందుకే ఒద్దన్నాను" అంది.

తర్వాతి ఆదివారం సభ్యుల సమావేశం. పోటీలో వచ్చిన ఫిర్యాదులు కార్యదర్శి గారు చదివారు. సగానికి సగం పదహారో దాంట్లో చెట్టు గురించే. మగవాళ్ల పోటీలో కూడా చాలామందికి అక్కడే దెబ్బ పడిందట. దారి మధ్యలో చెట్టేమిటి, వచ్చే ఏడు పెద్ద ఆటగాళ్లు వస్తే నవ్వుతారు, కొట్టించేద్దామన్నారు. తలలు ఊగాయి. నా వైపు తిరిగి ఒకాయన, "మేడమ్‌కి కప్పు పోయింది కూడా దాని వల్లే" అన్నాడు, నా తరఫున మాట్లాడుతున్నాననుకుని.

అంతవరకు సమావేశాల్లో నోరు విప్పలేదు. లేచి నిలబడ్డాను.

"పోయింది నిజమే. కానీ చెట్టు వల్ల కాదు సార్. దాన్ని తప్పించుకునే దారుంది, ఒక దెబ్బ ఎక్కువవుతుంది. ఆ ఒక్కటీ ఒప్పుకోలేక మూడు పోగొట్టుకున్నాను. ఆ చెట్టు తీసేస్తే పదహారోది వట్టి పొడుగాటి రోడ్డు. బలమున్నవాడు కొట్టుకుంటూ పోతాడు, ఆలోచించక్కర్లేదు. ఈ మైదానంలో చెట్లే కదా ఆట."

ఇంకేం చెప్పానో గుర్తులేదు. కార్యదర్శి గారు ఫైలు మీద వేళ్లతో కొంచెంసేపు తాళం వేసి, "ఓడిపోయినావిడే ఉండనిమ్మంటుంటే మనం కొట్టమనడం బాగోదు" అన్నారు. చెట్టు ఉండిపోయింది.

ఆ మాట చెబుదామని నేరుగా పదహారో దానికి వెళ్లాను. అప్ప ఆ చెట్టు కిందే ఆకులు ఊడుస్తోంది.

"ఈ చెట్టు కొట్టరట అప్పా."

చీపురు ఆగింది. "ఎవులన్నారు?"

"ఇప్పుడే సమావేశంలో తేలింది."

"ఈ మంగళారం కొట్టీమంటారని మేస్త్రీ సెప్పేడు నాకు." చీపురు చెట్టుకి ఆనించి, కొమ్మ మీద చెయ్యి వేసింది. "ఇది నాను పాతిందే సెల్లీ. పెళ్లయి వచ్చిన ఏడు. మా అత్త గొయ్యి తవ్వితే నాను మొక్కెట్టేను. గెడ్డలోంచి నీళ్లు మోసేను రెండేళ్లు."

ఈ నాలుగేళ్లలో ఆ చెట్టు పక్క నుంచి ఆవిడతో ఎన్నిసార్లు నడిచానో. దాన్ని ఎన్నిసార్లు తిట్టానో.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"సెప్తే నువ్వు ఆటాడతావేటి? మొకమాటపడతావు గానీ" అంది, ఇందులో అడగాల్సిందేముంది అన్నట్టు.

మరుసటేడు కార్యదర్శి గారు అప్పకి క్యాడీ గుర్తింపు బిళ్ల ఇచ్చారు. బూట్ల సంగతి ఎత్తలేదు. కలుపు పనిలోంచి మరో ఇద్దరు ఆడవాళ్లు ఆ పనిలోకి వచ్చారు. విశాఖపట్నం వాళ్లు ముందురోజే ఫోన్ చేసి అప్ప ఖాళీయేనా అని అడిగేవారు. డాక్టరమ్మ ఒకసారి నాకంటే ముందే మాట్లాడేసుకుంది. ఆ రోజు నాకు నిజంగా ఉక్రోషం వచ్చింది. ఆ కప్పు నాకెప్పుడూ దక్కలేదు. ఒకసారి మూడో స్థానం, ఒకసారి నాలుగు. కానీ ఆ ఐదారేళ్ల ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకి జీడిపూత వాసన తగులుతుంది. నా జీవితంలో నేను పూర్తిగా నాదిగా గడిపిన పొద్దులు అవే అనిపిస్తుంది.

దశాబ్దం ముగిసేలోపు మావారికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చివరి ఆదివారం అప్పా నేనూ ఇద్దరమే పద్దెనిమిదీ తిరిగాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, మధ్యమధ్య ఆగుతూ నడిచాం. వాళ్ల కోడలు రాంబిల్లిలో పుట్టింటికి వెళ్లి ఇంకా రాలేదనీ, తిరిగొస్తే ఈ పనిలోనే పెడతాననీ చెప్పింది. హైదరాబాదులో ఎండలెలా ఉంటాయని అడిగింది. పద్దెనిమిదో గుంత దగ్గర నా బంతి అంచు తాకి పక్కకి దొర్లింది.

"ఇంకోపాలి తొయ్యి" అంది.

"లెక్కలోకి రాదు అప్పా."

"ఎవులు సూత్తన్నారు."

బంతి వెనక్కి పెట్టి మళ్లీ తోశాను. లోపల పడింది. అప్ప మోకాలు పట్టుకుని వంగి, గుంతలోంచి బంతి తీసి, చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం సామాను లారీకెక్కించాం.